మంచు రోడ్ల మీద లారీ టైరు

నోకియా అనగానే మనకు చేతిలో ఇమిడే ఫోను గుర్తొస్తుంది. ఫిన్లాండ్‌లో ఆ పేరుగల ఊళ్లో ఫోన్లకు చాలా ముందే ఒక రబ్బరు ఫ్యాక్టరీ ఉండేది. మంచులో నడవడానికే తయారైన మొట్టమొదటి టైరుగా చెప్పుకునే కెలిరెంగాస్ 1934లో అక్కడి నుంచే బయటికొచ్చింది. అది కార్ల కోసం చేసిన టైరు కాదు, లారీల కోసం చేసింది. ఆ రోజుల్లో ఫిన్లాండ్ రోడ్లు చాలావరకు మంచు కింద అలాగే పడి ఉండేవి. సరుకు మాత్రం ఊరూరికీ చేరక తప్పదు. అందుకే టైరు మీద అడ్డంగా లోతైన గాళ్లు తీశారు. అవి మెత్తటి మంచును కరిచిపట్టి బండిని ముందుకు తోసేవి. కార్లకు ఇలాంటి టైరు రెండేళ్ల తర్వాత, 1936లో గానీ రాలేదు.

ఇలా ముందు పుట్టిన లారీ టైరు, ఆ తర్వాత దాదాపు ప్రతి మలుపులోనూ కారు టైరు వెనకే నడిచింది. దానికి కారణాలు కొన్ని రబ్బరులో ఉన్నాయి, కొన్ని లారీ యజమాని లెక్కల్లో ఉన్నాయి.

కెలిరెంగాస్ రాకముందు కాలం ఇనుముది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో బురదలోనో మంచులోనో దిగబడిన డ్రైవర్లు చక్రాలకు తాళ్లు చుట్టేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటాకు చెందిన హ్యారీ వీడ్ అది చూసి, తాడు బదులు గొలుసు వేస్తే పోలేదా అనుకున్నాడు. 1904లో పేటెంటు పొందాడు. గట్టిపడిన మంచు మీద గొలుసుకున్న పట్టు సాధారణ రబ్బరుకు ఎక్కడిది? కాకపోతే గొలుసు వేశాక బండి నెమ్మదిగా పోవాల్సిందే. మంచు లేని రోడ్డు తగిలితే గొలుసూ తెగుతుంది, రోడ్డూ పాడవుతుంది. అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద గడ్డకట్టిన వేళ్లతో వాటిని బిగించడం ఎంత పనో డ్రైవర్లకే తెలుసు. అయినా గొలుసు పోలేదు. కొలరాడోలో ఐ-70 రహదారి కొండ భాగం మీద నడిచే సరుకు లారీలు సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా గొలుసులు వెంట ఉంచుకోవాలన్నది చట్టం. మన దేశంలో శ్రీనగర్–లేహ్ దారిలోని జోజిలా కనుమ దగ్గర కూడా మంచు పడితే పోలీసులు ముందు అడిగేది గొలుసులనే.

1946లో ఫ్రెంచి కంపెనీ మిషెలిన్ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. 1952 నాటికి అది లారీలకూ అందింది. రేడియల్ టైరు నేలను ఆనే భాగం అంతగా మెలి తిరగదు కాబట్టి పట్టు నిలకడగా ఉంటుంది. తర్వాత మేకుల కాలం వచ్చింది. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన గల చిన్న మేకులను టైరులో దిగ్గొట్టి గాజులాంటి మంచుగడ్డ మీద నడిపే పద్ధతి 1960ల్లో స్కాండినేవియా నుంచి ఉత్తర అమెరికా దాకా పాకింది. బండి జారడం తగ్గింది కానీ రోడ్డు అరిగిపోయింది. మిన్నెసోటా, కెనడాలోని ఒంటారియో రెండూ 1971లో మేకుల టైర్లను నిషేధించాయి. 1975లో పశ్చిమ జర్మనీ కూడా అదే పని చేసింది.

జపాన్ కథ మరీ ఆసక్తికరం. 1980ల్లో సెండాయ్ నగరంలో చలికాలం చివర మంచు కరిగాక, మేకులు గీరిన రోడ్డు పొడి వీధుల్లో ధూళిమేఘాలుగా లేచేది. ఆరబెట్టిన బట్టల మీద, కిటికీల మీద, ఊపిరితిత్తుల్లో అంతా తారుపొడి. జనం ఊరుకోలేదు. 1985లో ఆ నగరం ఉన్న మియాగి ప్రిఫెక్చర్ మేకుల టైర్లను కట్టడి చేస్తూ స్థానిక చట్టం చేసింది, 1990లో జాతీయ చట్టం వచ్చింది. మేకులు పోతే పట్టు ఎలా? బ్రిడ్జ్‌స్టోన్ 1988లో తెచ్చిన బ్లిజాక్ టైరు అందుకు ఒక జవాబు. దాని రబ్బరు నిండా అతిసూక్ష్మమైన బుడగలుంటాయి. మంచుగడ్డ మీద చక్రం రాపిడికి ఏర్పడే పలచని నీటిపొరను ఆ రంధ్రాలు తీసుకుంటాయి. జారుడుకు అసలు కారణం ఆ నీరే. అందుకే సున్నాకు దగ్గరగా ఉన్న మంచుగడ్డ, మైనస్ 20 డిగ్రీల మంచుగడ్డ కన్నా ప్రమాదకరం.

లారీ వెనకబడింది ఇక్కడే. కారు టైరు మీద పడేది నాలుగైదు వందల కిలోల బరువు. పెద్ద లారీ టైరు మూడు నాలుగు టన్నులు మోస్తుంది, ఒకటికి రెండుసార్లు రీట్రెడింగ్ (అరిగిన పైభాగానికి కొత్త రబ్బరు వేయడం) చేయించుకుని మరీ నడుస్తుంది. కారుకు వాడే మెత్తటి రబ్బరును దానికి తొడిగితే గాళ్ల మధ్య ఉండే రబ్బరు దిమ్మలు, అంటే బటన్లు, బరువుకు వంగిపోయి త్వరగా అరుగుతాయి. అయితే లారీ టైరుకు ఒక అనుకూలత ఉంది. దాని ట్రెడ్‌లో (నేలను తాకే పొరలో) సహజ రబ్బరు పాలు ఎక్కువ, అది చలికి అంత తొందరగా బిగుసుకోదు. కాబట్టి లారీ విషయంలో గాడి లోతుకు ప్రాధాన్యం ఎక్కువ. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా భారీ లారీల వింటర్ రేడియల్ టైర్లకు కనీసం 5 మిల్లీమీటర్ల గాడి ఉండాలన్న నియమం ఈ లెక్కలోదే. అరిగి గుండైన టైరు మీద ఏ ముద్ర ఉన్నా మంచులో దండగ.

ముద్రల సంగతి కూడా చూడాలి. టైరు పక్కన కనిపించే ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో) అక్షరాలు గాళ్ల ఆకృతిని బట్టి కంపెనీ వేసుకునేవి. వాటి వెనక మంచు మీద చేసిన పరీక్ష లేదు. 1999లో అమెరికా, కెనడా రబ్బరు పరిశ్రమల సంఘాలు మూడు శిఖరాల కొండలో మంచురేకు బొమ్మను తెచ్చాయి. గట్టిపడిన మంచు మీద ప్రామాణిక టైరు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపితేనే ఆ బొమ్మ దక్కేది. పికప్ మీద పనిముట్లు మోసే వడ్రంగికి, బండి ముందు మంచు తోసే నాగలి కట్టుకునే కాంట్రాక్టరుకు ఈ బొమ్మ నిజంగా పనికొస్తుంది. బురద కోసం చేసిన బండబటన్ల టైరు చూడ్డానికి భీకరంగా ఉంటుంది కానీ, సన్నటి చీలికలు లేక మంచుగడ్డ మీద జారుతుంది. నాగలి బరువంతా ముందు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి అక్కడ టైరు మోయగల బరువును ముందు చూసుకుని, తర్వాత బొమ్మ వెతుక్కోవాలి.

చట్టం మాత్రం చాలా నింపాదిగా కదిలింది. 2010లో జర్మనీ మంచు రోడ్లకు తగిన టైర్లను తప్పనిసరి చేసినప్పుడు, భారీ లారీల విషయంలో ఇంజను తిప్పే ఇరుసుకు ఉంటే చాలంది. ముందు చక్రాలు జారితే స్టీరింగ్ తిప్పి ఏం లాభం? 2020 జులై 1 నుంచి ముందు ఇరుసునూ ఆ నియమంలో చేర్చారు. 2021 మేలో యూరోపియన్ యూనియన్ టైరు లేబుల్ మీద మంచుగడ్డ పట్టుకు కొత్త గుర్తు పెట్టింది. అది కార్ల టైర్లకే పరిమితం.

మన మార్కెట్లో చలికాలపు టైరు దాదాపు కనిపించదు, చాలా చోట్ల అవసరమూ లేదు. కానీ ఆ వ్యాపారంలో భారతీయ పెట్టుబడి ఉంది. తిరుపతి సమీపంలోని చిన్నపాండూరులో 2020లో ప్లాంటు తెరిచిన అపోలో టైర్స్, అంతకు ముందే 2009లో, నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టైన్‌ను కొన్నది. యూరప్ చలికాలపు టైర్లలో అది పాత పేరు.

చలిదేశాల లారీ యజమానులు ఇప్పటికీ ఖర్చు లెక్కలోంచే టైరు ఎంచుకుంటారు. ఖాళీగా తిరిగొచ్చే బండి వెనక చక్రాల మీద బరువుండదు, జారేది అవే. అందుకే శరదృతువులోనే కొత్త వింటర్ టైర్లను ఆ ఇరుసుకు వేస్తారు. ఒకటి రెండు చలికాలాల్లో గాడి సగానికి అరిగాక వాటిని పారేయరు. వేసవిలో పొడి రోడ్ల మీద మిగిలిన రబ్బరు అరిగేదాకా నడిపి, తొడుగు బాగుంటే రీట్రెడింగ్‌కు పంపుతారు.