రామదండు: సేవకుని నాయకత్వం

వాల్మీకి రామాయణంలో యుద్ధకాండ తొలి సర్గలోనే శ్రీరామచంద్రుడు సేవకులను మూడు తరగతులుగా విభజించి పలుకుతాడు. ప్రభువు అప్పగించిన దుష్కర కార్యాన్ని అనురాగంతో నెరవేర్చి, దానికి అనుకూలమైన మరొక కార్యాన్ని కూడా సాధించుకొని వచ్చేవాడు ఉత్తముడు. ఆజ్ఞాపించిన పని మాత్రం చేసి, సామర్థ్యం ఉండి కూడా అంతకు మించి అడుగు వేయనివాడు మధ్యముడు. శక్తి ఉండి అప్పగించిన పనినే చేయనివాడు అధముడు. సీతాన్వేషణ ముగించుకొని వచ్చిన హనుమంతుని సమక్షంలో ఈ మాటలు పలికిన స్వామి, అతనికి ప్రత్యుపకారంగా ఇవ్వదగినదేదీ తన వద్ద లేదని చింతించి, గాఢాలింగనమే సర్వస్వంగా సమర్పిస్తాడు. పండితులు ఈ ఘట్టాన్ని భక్తిపరంగా వ్యాఖ్యానించడమే పరిపాటి. అయితే ఆంధ్రదేశంలో ఒక కాలంలో, ఒక విద్యావంతుడు దీనిని ప్రజాజీవితంలో ఆచరించి చూపడానికి ప్రయత్నించాడు.

ఆయన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, శైశవంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, బంధువుల ఆశ్రయంలో పెరిగాడు. రేపల్లె సమీపాన కూచినపూడిలోను, ఆ తరువాత గుంటూరు, బాపట్లలలోను చదువుకున్నాడు. పాఠశాల చదువులో ఆయనకు శ్రద్ధ తక్కువ. పాటలు, నాటకాలు, చతురోక్తులు ఎక్కువ. బాపట్లలో కొంతకాలం ఉద్యోగం చేసి, మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలసి స్కాట్లండు వెళ్ళి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందాడు. ఆ విదేశవాస కాలంలోనే ఆనంద కుమారస్వామితో పరిచయం కలిగింది. నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇరువురూ కలసి ఆంగ్లీకరించగా, 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని ప్రకటించింది. ఇంతటి విద్వత్తు గడించి స్వదేశానికి వచ్చినవానికి ఆనాడు సర్కారు కొలువు రాజమార్గం. ఆయన మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలం బోధించి, ఆ మార్గాన్ని కూడా విడిచిపెట్టాడు.

విడిచిపెట్టి ఆయన కూర్చినది రామదండు. కాషాయాంబరాలు ధరించి, నుదుట సిందూరం దిద్దుకొని, శ్రీరామనామం పలుకుతూ నడిచే స్వచ్ఛంద సేవకుల సమూహం అది. దాని సంఖ్య వేయి వరకు చేరిందని చెబుతారు. ఆ పేరులోనే ఒక తత్త్వం ఉంది. సైన్యానికి సేనాని పేరు పెట్టడం లోకరీతి. ఇక్కడ సేనాని తనను తాను రాముని వానరులలో ఒకనిగా భావించుకున్నాడు. నాయకుడు సేవకుల పైన కాక, వారి నడుమ నిలబడ్డాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశంలో జనసందోహాన్ని క్రమబద్ధం చేసే భారం ఈ దండుపై పడింది. కోటిమంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, ఇరవై లక్షల రాట్నాలు అనే మహాసంకల్పం జరిగిన సభ అది. ఆ సంకల్పాన్ని చరిత్ర గ్రంథాలు విస్తరంగా వర్ణిస్తాయి. గుంపులను అదుపులో ఉంచిన సేవకులకు ఒకటి రెండు వాక్యాలు దక్కుతాయి. సేవకుల విషయంలో చరిత్ర సాధారణంగా అంతే ఉదారంగా ఉంటుంది.

నిజమైన పరీక్ష చీరాలలో ఎదురైంది. చీరాల, పేరాల గ్రామాలను ప్రభుత్వం కలిపి పురపాలక సంఘంగా మార్చడంతో, సుమారు నాలుగు వేల రూపాయలుగా ఉన్న పన్ను నలభై వేలకు పెరిగింది. ప్రజలలో అధికులు నేతపనివారు, చిన్న వర్తకులు, కూలీలు. విన్నపాలు ఫలించలేదు. పన్ను నిరాకరించినవారు కారాగారం పాలైనారు. వారిలో స్త్రీలు కూడా ఉన్నారు. 1921 ఏప్రిల్‌లో చీరాలకు వచ్చిన గాంధీ మహాత్ముడు రెండు మార్గాలు సూచించాడు: అహింసతో పన్ను నిరాకరించి శిక్షను సహించడం, లేదా పురపాలక పరిధిని విడిచి వెళ్ళిపోవడం. ప్రజలు రెండవ మార్గాన్ని ఎన్నుకున్నారు. సుమారు పదిహేను వేల జనాభాలో పదమూడు వేలమంది ఇళ్ళూ వాకిళ్ళూ వదలి, ఊరి వెలుపల పాకలు వేసుకొని నివసించారు. ఆ పర్ణశాలల పట్టణానికి రామనగరమని పేరు.

ఇక్కడే రామదండు సేవ తన అసలు స్వరూపాన్ని పొందింది. సభలో జనాన్ని కూర్చోబెట్టడం ఒక దినపు పని. వేలాది కుటుంబాలు ఎండనూ వాననూ భరించి నివసించే చోట శాంతిని కాపాడడం, కలహాలను పంచాయతీతో పరిష్కరించడం, ధైర్యం సడలకుండా చూడడం మాసాల తరబడి సాగే తపస్సు. పరిపాలన అంటే ఏమిటో ఆ యువకులు పరిపాలనను వదులుకున్న ప్రజలకు సేవ చేస్తూ నేర్చుకున్నారు. గ్రంథాలు నేర్పలేని విద్య అది. రామనగరం పదకొండు మాసాలు నిలిచింది.

తరువాత కూలింది. ఆ సంగతిని దాచడం ధర్మం కాదు. ప్రసంగ నిషేధాన్ని అతిక్రమించినందుకు గోపాలకృష్ణయ్యను బరంపురంలో నిర్బంధించి సంవత్సరకాలం తిరుచిరాపల్లి కారాగారంలో ఉంచారు. నిధులు సన్నగిల్లాయి. నాయకుడు లేని రామనగరం క్రమంగా ఖాళీ అయి, ప్రజలు పాత ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. భక్తిభావంతో రామదండును కీర్తించేవారు ఈ చోట తొందరగా పుట తిప్పుతారు. కాని సేవకనాయకత్వం గురించిన అత్యంత కఠినమైన ప్రశ్న ఇక్కడే ఉంది. సేవకుడు లేనినాడు, సేవ పొందినవారు తమంతట తాము నిలబడగలరా?

ఈ ప్రశ్ననే అర్ధశతాబ్దం తరువాత, మరొక ఖండంలో, రాబర్టు గ్రీన్‌లీఫ్ అనే అమెరికను వేశాడు. టెలిఫోను సంస్థలో దాదాపు నాలుగు దశాబ్దాలు ఉద్యోగం చేసి విరమించిన ఆయన, 1970లో వెలువరించిన వ్యాసంలో సేవకుడే నాయకుడు కావాలని ప్రతిపాదించాడు. హెర్మన్ హెస్సే నవలలో యాత్రికులకు పరిచర్య చేసే లియో అదృశ్యం కాగానే ఆ బృందం చెదరిపోతుంది. ఆ కథే తనకు ప్రేరణ అని చెప్పాడు. అయితే ఆయన పెట్టిన పరీక్ష వేరు: సేవ పొందినవారు వివేకవంతులై, స్వతంత్రులై, తామూ సేవకులయ్యే యోగ్యతను పొందుతున్నారా లేదా. ఈ ప్రమాణంతో తూచితే చీరాల ఫలితం మిశ్రమం. ప్రజలు పదకొండు మాసాలు ఒక మహాత్యాగం చేశారు. కాని ఆ బరువును దించకుండా మోయగల వ్యవస్థ వారి మధ్య పెరగలేదు. యుద్ధకాండలో లంక నుండి తిరిగి వచ్చిన హనుమంతుడు కోటబలమంతా వివరించి, ఆ జ్ఞానాన్ని సుగ్రీవునికీ వానరసేనకూ పంచుతాడు. గెలుపు అతనొక్కనిపై ఆధారపడదు.

1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో నలభై వేలమంది విద్యార్థులతో జాతీయ సేవాపథకాన్ని ప్రారంభించారు. నేడు ఎన్.ఎస్.ఎస్. స్వచ్ఛంద సేవకుడు రెండు సంవత్సరాలలో 240 గంటల సేవ చేసి, దత్తత గ్రామంలో ఏడు దినాల శిబిరంలో పాల్గొనాలి. 2020 నుండి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా చేరింది. గుంటూరు, తెనాలి మార్గంలో ఉన్న వడ్లమూడిలో 1997లో ఇంజనీరింగు కళాశాలగా ఆరంభమై, 2008లో విశ్వవిద్యాలయ స్థాయి పొందిన విజ్ఞాన్ ప్రాంగణంలో చదివే విద్యార్థికి చీరాల సుదూరం కాదు. తెనాలిలో రైలెక్కితే నిడుబ్రోలు, బాపట్ల దాటగానే వస్తుంది. కాని అతని చేతిలోని సేవాపుస్తకంలో గంటల లెక్క ఉంటుంది, ఆ లెక్క మార్కులుగా మారుతుంది.

గంటలు లెక్కించడమే దోషమని అనడం తొందరపాటు. రాముడు మధ్యముని నిందించలేదు, ఉత్తముని కంటే ఒక మెట్టు దిగువన నిలిపాడు, అంతే. ఆజ్ఞతో మొదలైన సేవ అనురాగంగా పరిణమించడం అసంభవం కాదు. సేనలోని వానరులెందరో సుగ్రీవుని శాసనభయంతోనే బయలుదేరారు. వారిలో కొందరు సముద్రతీరం చేరేసరికి మరొకరకంగా మారారు. ఏడు దినాల శిబిరం ముగిసిన పిదప, లెక్కలోకి రాని ఎనిమిదవ దినాన ఆ గ్రామానికి తిరిగి వెళ్ళే విద్యార్థి ఎవరో, వాని కోసం ఎదురుచూసే బడిపిల్లలకు తెలుస్తుంది.

గోపాలకృష్ణయ్య కారాగారం నుండి వచ్చిన తరువాత కూడా ఎక్కువకాలం జీవించలేదు. పేదరికమూ క్షయవ్యాధీ కలసి 1928 జూన్ 10న ఆయనను తీసుకొనిపోయాయి. అప్పటికి వయసు ముప్పై తొమ్మిది.