వాలంటరీయిజం: ఇష్టంతోనే పన్ను

ప్రభుత్వమైనా సరే, ఎవరి సొమ్మూ బలవంతంగా తీసుకోకూడదనే వాదమే వాలంటరీయిజం. బ్రిటన్ మాజీ ఎంపీ ఆబరన్ హెర్బర్ట్ (1838-1906) దీన్ని బాగా ప్రచారం చేశారు. పన్ను కూడా ఇష్టపడి ఇచ్చేదే అయి ఉండాలని, బలప్రయోగం దౌర్జన్యాన్ని అడ్డుకోవడానికే పరిమితమని ఆయన వాదన.

జకాత్ ఫర్జ్, అందులో చర్చ లేదు. వసూలు చేసేదెవరు అన్నదగ్గరే పేచీ. పాకిస్తాన్‌లో జియావుల్ హక్ సర్కారు 1980లో ఆర్డినెన్స్ తెచ్చి, నిసాబ్ దాటిన సేవింగ్స్ ఖాతాల నుంచి 2.5 శాతం నేరుగా బ్యాంకులోనే కోసేసింది. షియాలు ఇస్లామాబాద్‌లో భారీ నిరసనకు దిగి మినహాయింపు సాధించారు. మిగతావాళ్లలో చాలామంది రంజాన్‌కు ముందే డబ్బు విత్‌డ్రా చేసుకోవడం మొదలుపెట్టారు. సర్కారు చేతికి ఇవ్వడం ఇష్టం లేకే కదా!

మన దేశంలో లెక్క కట్టేదీ, ఇచ్చేదీ ఎవరికి వారే. హెర్బర్ట్ కోరుకున్న పద్ధతికి ఇది దగ్గరే. కానీ ఉండీ ఇవ్వనివాళ్లను అడిగేదెవరన్న ప్రశ్నకు ఆయన వాదంలో గట్టి జవాబు దొరకదు.