పాత ఛాయాచిత్రాలలో సైనిక విమానాల గుర్తింపు

పాత ఛాయాచిత్రాలలో సైనిక విమానాల గుర్తింపు అనగా, ఒక నలుపు తెలుపు చిత్రంలో కనిపించే విమానం ఏ నమూనాకు చెందినదో, దానిని ఏ దేశపు ఏ దళం వాడినదో, చిత్రాన్ని ఏ కాలంలో తీశారో ఆధారాలతో నిర్ణయించే పద్ధతి. వైమానిక చరిత్రకారులు, సంగ్రహాలయాల సిబ్బంది, పూర్వ సైనికుల కుటుంబాలవారు దీనిని వాడుతుంటారు. చిత్రం వెనుక ఉండే చేతివ్రాత చాలాసార్లు ఏళ్ళ తరువాత జ్ఞాపకం మీద వ్రాసినదై ఉంటుంది. అది తప్పయితే, ఆ సైనికుడు ఏ దళంలో పనిచేశాడన్నదీ, ఏ యుద్ధరంగంలో ఉన్నాడన్నదీ కూడా తప్పుగానే తరువాతి తరాలకు చేరుతుంది. కనుక ముందు విమానాన్ని చదివి, ఆ తరువాతనే వ్రాతను చదవాలి.

ఆకారం

రెక్కలు ఒక వరుసలో ఉన్నాయా, రెండు వరుసలలోనా, ఇంజన్లు ఎన్ని, ముక్కు గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా, తోక మీద నిలువు పలక ఒకటా, రెండా అన్నవి మొదట గమనించవలసిన విషయాలు.

బ్రిటిషు యుద్ధ విమానాలైన హరికేన్, స్పిట్‌ఫైర్‌లను ఒకదానికొకటిగా పొరబడటం సర్వసాధారణం. స్పిట్‌ఫైర్ రెక్క దీర్ఘవృత్తాకారంలో ఉంటుంది. చక్రాలు దగ్గరదగ్గరగా ఉండి బయటివైపుకు ముడుచుకుంటాయి. హరికేన్ రెక్క మందంగా ఉంటుంది. చక్రాలు ఎడంగా ఉండి లోపలివైపుకు ముడుచుకుంటాయి. దాని వీపు కొంచెం గూనిగా ఉంటుంది. వెనుక భాగానికి గుడ్డ కప్పి ఉండటం వలన లోపలి బద్దలు గీతలుగా పైకి కనబడతాయి. 1944లో ఇంఫాల్ వద్ద అర్జన్ సింగ్ నాయకత్వంలో పోరాడిన భారత వాయుసేన 1వ స్క్వాడ్రన్ నడిపినవి హరికేన్లే. ఆ సందర్భపు చిత్రం కింద స్పిట్‌ఫైర్ అని ఉంటే చక్రాలను ఒకసారి చూడటం మంచిది.

ఒకే విమానపు వేర్వేరు నమూనాలను చిన్న తేడాలు పట్టిస్తాయి. జర్మనీకి చెందిన మెస్సర్‌ష్మిట్ 109 'ఇ' నమూనాకు రెక్కల చివరలు నలుచదరంగాను, తోక రెక్కల కింద ఊతకర్రలతోను ఉంటాయి. 'ఎఫ్' నమూనాలో చివరలు గుండ్రనయ్యాయి, ఊతకర్రలు పోయాయి.

రంగుల భ్రమ

అనుభవజ్ఞులు సైతం మోసపోయేది ఇక్కడే. పూర్వం విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కాంతి పట్ల స్పందన లేదు. నీలం పట్ల స్పందన ఎక్కువ. అందువలన ఎరుపు దాదాపు నల్లగాను, నీలం లేత బూడిద రంగులోను అచ్చవుతాయి. పసుపు కూడా ముదురుగానే పడుతుంది. పసుపు రంగు పూసిన శిక్షణ విమానం నల్లని విమానంలా కనబడటానికి కారణం ఇదే.

ఈ లోపాన్నే ఆధారంగా కూడా వాడుకోవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ ఎరుపు, తెలుపు, నీలం వలయాలనే గుర్తుగా వాడాయి. బ్రిటిషు గుర్తులో ఎరుపు నడుమ, నీలం అంచున ఉంటాయి. ఫ్రెంచి గుర్తులో నీలం నడుమ, ఎరుపు అంచున ఉంటాయి. ఆర్థోక్రోమాటిక్ చిత్రంలో నడిమి చుక్క నల్లగా ఉంటే బ్రిటిషు విమానం, అంచు వలయం నల్లగా ఉంటే ఫ్రెంచి విమానం. అయితే తరువాత వాడుకలోకి వచ్చిన పాన్‌క్రోమాటిక్ ఫిల్ములో ఎరుపు, నీలం రెండూ ముదురుగానే కనబడవచ్చు. కనుక ముందుగా ఫిల్ము రకాన్ని అంచనా వేయాలి.

గుర్తులు, కాలనిర్ణయం

దేశచిహ్నాలు మారిన తేదీలు తెలిస్తే చిత్రపు కాలాన్ని కొన్ని నెలల వ్యవధికి కుదించవచ్చును. అమెరికా విమానాల నక్షత్రం నడుమ ఉండిన ఎర్ర చుక్కను జపాను సూర్యబింబంతో పొరబడకుండా 1942 మేలో తొలగించారు. 1943 జూన్‌లో నక్షత్రానికి ఇరువైపులా తెల్లని పట్టీలు, చుట్టూ ఎర్ర అంచు చేర్చారు. కొద్ది నెలలకే ఆ ఎర్ర అంచును నీలంగా మార్చారు. 1947లో పట్టీల నడుమ ఎర్ర గీత వచ్చింది. బర్మా రంగంలోని బ్రిటిషు, భారతీయ విమానాల మీద కూడా ఇదే కారణంతో ఎరుపును తీసివేసి, ముదురు నీలం, లేత నీలం వలయాలు వేశారు. నేటి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు భారత విమానాల మీదకు 1950లో వచ్చాయి; అంతకు ముందు కొద్దికాలం అశోక చక్రం ఉండేది.

కొన్నిసార్లు ఆకారం ఏమీ చెప్పదు, గుర్తే చెప్పాలి. యుద్ధానంతరం కాన్పూరులో వదిలివేసిన బి-24 లిబరేటర్ బాంబర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బాగుచేయగా భారత వాయుసేన 1948 నుండి 1968 వరకు వాడింది. వలయం కనబడకపోతే వాటిని అమెరికా విమానాలుగానే తలచే ప్రమాదముంది.

నెగటివును తిరగేసి ముద్రించిన చిత్రాలలో కుడి ఎడమలు తారుమారవుతాయి. అక్షరాలేవీ కనబడనప్పుడు, స్పిట్‌ఫైర్ పైలటు ఎక్కే చిన్న తలుపు ఎడమ పక్కన ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

హైదరాబాదు పేరు గల విమానాలు

తెలుగువారికి ఆసక్తి కలిగించే చిక్కు ఇది. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిషు వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబర్లను సమకూర్చాడు. ఒక్కొక్క విమానం మీద దాత పేరుతో పాటు హైదరాబాదు అన్న పేరు, ఒక సంఖ్య ఆంగ్లంలో వ్రాశారు. ఆ చిత్రాలు చూసినవారు అవి హైదరాబాదులో తీసినవని అనుకోవడం సహజం. నిజానికి ఆ విమానాలు ఫ్రాన్స్ నుండి ఎగిరి జర్మనీ మీద బాంబులు వేసినవి.

వ్రాత చెరిగిపోయినా డి.హెచ్.9ఎ ను పోల్చుకోవచ్చును. దాని ముక్కుకు ఎదురుగా పెద్ద చదునైన రేడియేటరు ఉంటుంది. దానికి ముందరి డి.హెచ్.9 లో ఇంజను తల పైకి పొడుచుకుని కనబడుతుంది, రేడియేటరు కడుపు కింద ఉంటుంది. ఇంకా పాతదైన డి.హెచ్.4 లో పైలటుకూ, వెనుక కూర్చునే పరిశీలకునికీ నడుమ చాలా దూరం ఉంటుంది. 1933లో భారత వాయుసేన తొలి స్క్వాడ్రన్ వాడిన వాపిటి విమానం డి.హెచ్.9ఎ భాగాలను తిరిగి వాడుకునేలా రూపొందించినదే. కనుక రెక్కలను చూసి తేల్చడం కష్టం, ముక్కును చూడాలి. వాపిటి ఇంజను సిలిండర్లు చక్రపు ఆకుల వలె చుట్టూ పరుచుకుని బయటికి కనబడతాయి.

1923లో తొలిసారి ఎగిరిన హ్యాండ్లీ పేజ్ హైదరాబాద్ అనే రెండు ఇంజన్ల బాంబరు వేరొక విమానం. దీనికి నగరం పేరు మాత్రమే పెట్టారు. అలాగే 1940 నాటి బ్రిటన్ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులో కూడా హైదరాబాదు ఉంది. ఆ విమానాలను యు.ఎం. అన్న అక్షరాలతో గుర్తిస్తారు.

నిజాం ఇచ్చిన వాటిలో ఎఫ్ 1010 సంఖ్య గల విమానం 1918 అక్టోబరు 5న జర్మనుల చేతికి చిక్కింది. తరువాత బెర్లిన్ సంగ్రహాలయంలో ఉండి, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పోలండుకు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులుగా ఇచ్చి బ్రిటన్ దానిని వెనక్కు తెచ్చుకుంది. బాగుచేసిన ఆ విమానం మీద 'హైదరాబాదు 12ఎ' అన్న గుర్తు ఉంది. అది బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సేకరణకు చెందినది. పాత చిత్రాలలోని 110వ స్క్వాడ్రన్ విమానాలను దీనితో పోల్చి చూడవచ్చును.