సదర్ సాహెబ్, ఆయన జిందాబాద్‌లు



సెప్టెంబర్ 17 వచ్చిందంటే మా నిర్మల్‌లో మైకులు మోగుతాయి. ఒకరికి అది విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. తఖ్రీర్లు విని ఇంటికొచ్చిన పిల్లలు మాత్రం ఒకే సవాల్ వేస్తారు: "అబ్బా, రజాకార్లు మనవాళ్లేనా?"

మన ఇళ్లలో దీనికి రెండు జవాబులు నడుస్తున్నాయి. ఒకటి, "పోయి చదువుకో" అని మాట దాటేయడం. రెండోది, ఖాసిం రజ్వీ ఖౌమ్ కోసం నిలబడ్డ షేర్ అని గొంతు తగ్గించి చెప్పడం. నాకు రెండూ గిట్టవు. తారీఖ్‌ను దాచిపెట్టినా, దానికి జరీ అంచు కుట్టినా నష్టం మన పిల్లలకే.

మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టింది. దాన్ని అవామ్ తంజీమ్‌గా మార్చింది 1938లో సదర్ అయిన బహాదుర్ యార్ జంగ్. గొప్ప వక్త. ఆయన కాలంలోనే 'అనల్ మలిక్' అన్న మాట బలపడింది. అంటే రియాసత్‌కు అసలు హాకిమ్ నిజాం ఒక్కడే కాదు, దక్కన్ ముస్లింలంతా కలిసి హాకిములు. నిజాం ఆ హుకూమత్‌కు నిషానీ మాత్రమే. జట్కా తోలేవాడికీ, జవానుకీ ఈ మాట ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. జేబులో చిల్లిగవ్వ లేకపోయినా తానూ బాద్షాయే! కానీ రియాసత్‌లో ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా ముస్లింలు కారు. మనమంతా బాద్షాలమైతే వాళ్లంతా ఎవరు? ఆ సవాల్ అడిగినవాళ్లు చాలా తక్కువ.

1944లో బహాదుర్ యార్ జంగ్ హఠాత్తుగా ఇంతెఖాల్ అయ్యారు. 1946 చివర్లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ సదర్ అయ్యాడు. ఆయన వజీర్ కాదు, సర్కారులో ఏ ఓహ్‌దా లేదు. ఉన్నదల్లా జనం, గొంతు, రజాకార్లు. అదెంత తాకత్ అంటే, 1947 అక్టోబర్ 27న నిజాం ప్రతినిధులు ఒప్పందం కోసం ఢిల్లీకి బయలుదేరాల్సిన ఉదయాన వేలమంది వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ప్రధాని ఛతారీ నవాబు పదవి వదులుకున్నారు. నెల తిరిగాక, నవంబర్ 29న, దాదాపు అవే షరతుల మీద యథాతథ ఒప్పందంపై దస్తఖత్ అయింది. కాగితం మీద పెద్దగా మారిందేమీ లేదు. మారిందల్లా ఒక్కటే: ఇకపై సదర్ సాహెబ్‌కు అడ్డు చెప్పే ధైర్యం దర్బారులో ఎవరికీ మిగల్లేదు.

ఆయన వెంట నడిచినవాళ్లంతా జాలిమ్‌లు అనను. పంజాబ్, బీహార్ ఖతల్‌ల ఖబర్లు విని భయపడ్డవాళ్లు ఎందరో. రేపు నౌకరీ ఉంటుందా, జుబాన్ ఉంటుందా, ప్రాణం ఉంటుందా అన్న ఫికర్ నిజమైనదే. కానీ భయపడ్డ మనిషి ముందు తన సోచ్‌ను లీడర్ చేతిలో పెట్టేస్తాడు. తర్వాత లీడర్‌ను సవాల్ అడిగినవాడే అతనికి దుష్మన్‌లా కనిపిస్తాడు. ఊళ్ల మీద పడి దోచినా, బైరాన్‌పల్లిలో రైతులను కాల్చి చంపినా, "ఖౌమ్ కోసం" అన్న మాట చాలయింది.

ఆ రోజుల్లో సవాల్ అడిగిన ఒక ముస్లిం నౌజవాన్ పేరు మన పిల్లలకు చెప్పం. షోయబుల్లా ఖాన్. ఉస్మానియాలో చదివాడు. 'తేజ్'లో రాశాడు, దాన్ని మూయించారు. 'రయ్యత్'లో రాశాడు, దాన్నీ మూయించారు. 1947 నవంబర్‌లో సొంతంగా 'ఇమ్రోజ్' అఖ్బార్ పెట్టాడు. రజాకార్ల జులుమ్‌ను, రియాసత్ మొండితనాన్ని ఉర్దూలోనే, మనవాళ్లు చదివేలాగే ఎత్తిచూపాడు. గద్దార్ అన్నారు. 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాద్‌లో దఫ్తర్ నుంచి ఇంటికి పోతుంటే దారికాచి కాల్చారు, రాసే చేతిని నరికారు. తెల్లారేసరికి షహీద్ అయ్యాడు. వయసు ముప్పై కూడా నిండలేదు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో అంతా ఖతం.

కీమత్ కట్టిందెవరు? పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్న కమిటీ ఆ ఏడాది చివర్లో రియాసత్‌లో తిరిగింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలు: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఈ నాందేడ్ మనకు దూరం కాదు. ఇవాళ మన నిర్మల్ జిల్లాలో ఉన్న ముథోల్ అప్పట్లో నాందేడ్ జిల్లా తాలూకానే, 1956లో ఇటు వచ్చింది. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఆ ఖతల్‌ల గునాహ్ చేసినవాళ్లదే, ఇందులో షక్ లేదు. కానీ అవామ్‌ను నిప్పుల అంచుకు నడిపించిన సదర్ సాహెబ్ ఏమయ్యాడు? కొన్నేళ్లు జైల్లో ఉన్నాడు, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. జిందాబాద్‌లు కొట్టినవాళ్ల బేవాలు, యతీమ్‌లు ఇక్కడే మిగిలారు.

నా మాట ఒక్కటే. మనిషి ఆజాదీ కంటే ఏ లీడర్ ఇజ్జత్ పెద్దది కాదు. "లీడర్ మనవాడేనా?" అని కాదు, "ఆయన్ని మనం ఆపగలమా?" అని అడగాలి. హజ్రత్ అబూబకర్ (రజి) ఖలీఫా అయిన రోజే, తాను దారి తప్పితే సరిదిద్దమని జనంతో చెప్పారు. ఆ హక్కును వదులుకోవడం వఫాదారీ కాదు. తక్కువ సంఖ్యలో ఉన్న ఖౌమ్‌కు ఇఖ్తిలాఫ్ ఇంకా జరూరీ, ఎందుకంటే లీడర్ చేసిన తప్పుకు సజా మొత్తం ఖౌమ్ మీద పడుతుంది. ఇవాళ ఢిల్లీ లీడరైనా, హైదరాబాద్ లీడరైనా, మన మొహల్లా లీడరైనా తరాజు ఒక్కటే.

ఈసారి పిల్లలు అడిగితే మాట దాటేయకండి. "రజాకార్లూ మనవాళ్లే, షోయబుల్లా ఖాన్ కూడా మనవాడే. నువ్వు ఎవరి వారిస్ కావాలో నువ్వే ఎంచుకో" అని చెప్పండి.

అల్లాహ్ మనందరికీ సవాల్ అడిగే హిమ్మత్, సవాల్ వినే సబర్ ప్రసాదించుగాక. ఆమీన్.