సేవాసంస్థలు, కౌన్సెలర్లకు న్యాయ మార్గదర్శనం: మర్కూక్ మండల నేపథ్యం

గ్రామీణ ప్రాంతాలలో ఆపదలో ఉన్న మహిళ గాని, బాలిక గాని మొట్టమొదట న్యాయస్థానానికి చేరడం అరుదు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘం నాయకురాలు, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, కౌన్సెలర్ - వీరిలో ఎవరో ఒకరికే ఆమె తన గోడు ముందుగా చెప్పుకుంటుంది. ఆ మొదటి మాట విన్నవారు ఏమి చేశారన్న దానిపైనే ఆమెకు చట్టరక్షణ లభించడం చాలా వరకు ఆధారపడి ఉంటుంది. కనుక సేవాసంస్థలకు, కౌన్సెలర్లకు మూడు విషయాలు స్పష్టంగా తెలిసి ఉండాలి. దేనిని గోప్యంగా ఉంచాలి? దేనిని తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాలి? దేనిని తమ స్థాయిలో రాజీ చేయకూడదు?

మండల నేపథ్యం

మర్కూక్ పూర్వపు మెదక్ జిల్లాలోని గ్రామాలతో 2016 అక్టోబరులో, జిల్లాల పునర్వ్యవస్థీకరణ సందర్భంగా ఏర్పడిన మండలం. ఇది సిద్దిపేట జిల్లా గజ్వేల్ రెవెన్యూ డివిజన్ పరిధిలో ఉంది. 15 టి.ఎం.సి.ల సామర్థ్యం గల కొండపోచమ్మ సాగర్ జలాశయం 2020 మే 29న ఇక్కడ ప్రారంభమైంది. ఈ జలాశయం కోసం బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామాల కుటుంబాలు తరలి వెళ్లి పునరావాస కాలనీలో స్థిరపడవలసి వచ్చింది.

ఊరు మారిన కుటుంబానికి అలవాటైన ఇరుగుపొరుగు, పెద్దమనుషులు దూరమవుతారు. ఏ ఠాణాకు వెళ్లాలి, ఏ కార్యాలయాన్ని ఆశ్రయించాలి అనే సందేహమూ కలుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, విచారణార్హమైన నేరం ఏ ప్రాంతంలో జరిగినా దాని సమాచారాన్ని ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చును. 'ఇది మా పరిధి కాదు' అని బాధితులను తిప్పి పంపరాదన్న ఈ ఒక్క అంశం కార్యకర్తకు తెలిసి ఉన్నా బాధితురాలికి ఎంతో మేలు జరుగుతుంది.

చట్టంలో సేవాసంస్థల స్థానం

సేవాసంస్థల పాత్ర కేవలం దయాధర్మాలకు సంబంధించినది కాదు. చట్టమే వాటికి స్థానం కల్పించింది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 5వ సెక్షన్ సంఘ సంక్షేమ సంస్థల సహకారం పొందడానికి, 6వ సెక్షన్ కౌన్సెలర్ల నియామకానికి అవకాశం కల్పించాయి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తదితరులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మహిళలకు, బాలలకు ఆదాయ పరిమితి వర్తించదు. భూమి, ఇల్లు ఉన్న కుటుంబంలోని మహిళకు ఉచిత న్యాయవాది లభించరన్న అభిప్రాయం సరికాదు.

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 సేవాసంస్థలకు మరింత విస్తృతమైన బాధ్యతను అప్పగించింది. 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన ఈ చట్టం 10వ సెక్షన్ కింద నమోదైన స్వచ్ఛంద సంస్థలు 'సేవా ప్రదాత'లుగా గుర్తింపు పొందుతాయి. దరఖాస్తుకు ముందు కనీసం 3 సంవత్సరాలు ఈ రంగంలో సేవలందించి ఉండాలన్నది ఒక నిబంధన. బాధితురాలు కోరితే గృహహింస సంఘటన నివేదికను నమోదు చేసి మేజిస్ట్రేటుకు, రక్షణ అధికారికి పంపడం, వైద్య పరీక్ష చేయించడం, ఆశ్రయ గృహంలో చోటు కల్పించడం ఈ సంస్థల అధికారాలు. సద్భావంతో చేసిన ఈ పనులకు వారిపై దావా గాని, ప్రాసిక్యూషన్ గాని ఉండదు. రక్షణ అధికారులను జిల్లా స్థాయిలోనే గాక తాలూకా స్థాయిలో కూడా గుర్తించి నియమించాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో రాష్ట్రాలను ఆదేశించింది.

రాజీ ఎంతవరకు?

కుటుంబ వివాదం రాగానే పెద్దమనుషుల మధ్య పంచాయితీ పెట్టడం, 'సర్దుకుపో' అని భార్యకు నచ్చజెప్పి పంపడం పల్లెలలో పరిపాటి. శిక్షణ లేని కౌన్సెలర్ కూడా తెలియకుండానే అదే బాటలో నడిచే ప్రమాదం ఉంది. చట్టం నిర్దేశించిన కౌన్సెలింగ్ స్వరూపం ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

గృహహింస చట్టం 14వ సెక్షన్ ప్రకారం, విచారణలో ఏ దశలోనైనా ఇరుపక్షాలను విడివిడిగా గాని, కలిపి గాని కౌన్సెలింగ్‌కు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. అలా పంపినప్పుడు తదుపరి వాయిదా 2 నెలలు మించరాదు. 2006 నాటి నియమావళిలోని 13వ నియమం మేరకు వివాదంతో ప్రమేయం ఉన్నవారు గాని, ఇరుపక్షాలు లిఖితపూర్వకంగా అంగీకరిస్తే తప్ప వారి బంధువులు గాని కౌన్సెలర్‌గా ఉండరాదు. ప్రతివాది తరఫున వాదించిన న్యాయవాది కూడా అనర్హుడే. వీలైనంత వరకు మహిళలనే నియమించాలి.

14వ నియమం ఇంకా ముఖ్యమైనది. కౌన్సెలింగ్ ప్రథమ లక్ష్యం హింస పునరావృతం కాదన్న హామీ పొందడం. 'ఆమె ఇలా మాట్లాడినందువల్లనే కొట్టవలసి వచ్చింది' వంటి సమర్థనకు ప్రతివాదిని అనుమతించరాదు. సమర్థన చెల్లదన్న సంగతిని కౌన్సెలింగ్ ప్రారంభానికి ముందే అతనికి తెలియజేయాలి. రాజీ ప్రయత్నం బాధితురాలు కోరినప్పుడే జరగాలి. కుదిరిన ఒప్పందాన్ని కోర్టు విచారించి సంతృప్తి చెందిన పిదప మాత్రమే ఆమోదిస్తుంది. బాధితురాలు వద్దన్నా రాజీకి ఒత్తిడి చేసే కౌన్సెలింగ్ ఈ నియమానికే విరుద్ధం.

లోక్ అదాలత్‌లకు కూడా ఇటువంటి హద్దు ఉంది. వాటి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అయినప్పటికీ చట్టరీత్యా రాజీకి వీలులేని నేరాలను పరిష్కరించే అధికారం లోక్ అదాలత్‌కు సైతం లేదు. న్యాయమూర్తులు కూర్చున్న వేదికకు లేని అధికారం ఊరి పంచాయితీకి గాని, సేవాసంస్థకు గాని ఉండజాలదు.

బాలల విషయంలో మౌనం నేరం

బాలలపై లైంగిక నేరాల విషయంలో రాజీకి గాని, ఉపేక్షకు గాని తావు లేదు. 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన, లేదా జరగవచ్చునని అనుమానించిన ప్రతి వ్యక్తి పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. సంస్థలో పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే శిక్ష సంవత్సరం వరకు ఉంటుంది. సద్భావంతో సమాచారమిచ్చిన వారిపై ఎటువంటి చర్యా ఉండదు.

ఉదాహరణకు 17 సంవత్సరాల బాలిక తన ప్రేమ సంబంధం గురించి, దాని పర్యవసానాల గురించి కౌన్సెలర్‌కు చెప్పిందనుకుందాం. చట్టం దృష్టిలో 18 సంవత్సరాలు నిండనివారందరూ బాలలే. వారి అంగీకారానికి విలువ లేదు. కనుక తెలియజేసే బాధ్యత ఇక్కడ కూడా వర్తిస్తుంది. గర్భస్రావం కోరిన మైనరు పేరును, ఆమె కోరితే, పోలీసు నివేదికలో వెల్లడించనవసరం లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటు వైద్యులకు ఉద్దేశించినది. అందుకే 'ఎవరికీ చెప్పను' అని కౌన్సెలర్ ముందుగా మాట ఇవ్వరాదు. తాను ఏయే విషయాలను తెలియజేయక తప్పదో మొదటి సమావేశంలోనే సున్నితంగా వివరించాలి. ఇవ్వగలిగిన మాటనే ఇవ్వడం బాలిక నమ్మకాన్ని కాపాడుతుంది.

బాల్య వివాహాల విషయంలో 2006 నాటి నిషేధ చట్టం పెళ్లిని ఆపడానికి నిషేధ ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని మేజిస్ట్రేటుకు కల్పించింది. బాలలకు వసతి కల్పించే సంస్థలు 2015 నాటి బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద తప్పనిసరిగా నమోదు కావాలి.

గోప్యత, దాని హద్దులు

బాధిత బాలల పేరు, చిరునామా, పాఠశాల, ఫొటో వెల్లడించడం పోక్సో, బాల న్యాయ చట్టాల కింద శిక్షార్హం. సంస్థ వార్షిక నివేదికలలో గాని, వాట్సాప్ బృందాలలో గాని ఇటువంటి వివరాలు ఉంచరాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ చికిత్స పొందేవారికి గోప్యత హక్కును కల్పిస్తూ, ప్రాణహాని, ఇతరులకు హాని వంటి సందర్భాలలో మినహాయింపులను పేర్కొన్నది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని 115వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అట్టి వ్యక్తికి కేసు భయం కలిగించరాదు. చికిత్స, ఆదరణ అందేలా చూడాలి.

న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య జరిగిన సంభాషణకు భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ రక్షణ కల్పించింది. ఆ రక్షణ కౌన్సెలర్లకు వర్తించదు. కోర్టు పిలిచినప్పుడు రికార్డులు సమర్పించవలసి రావచ్చును. అందువల్ల బాధితులు చెప్పినది వారి మాటలలోనే, తేదీతో నమోదు చేయాలి. కౌన్సెలర్ ఊహలను, తీర్పులను అందులో చేర్చరాదు. చెప్పినదే మళ్లీ మళ్లీ అడిగి దర్యాప్తు చేయడం కౌన్సెలర్ విధి కాదు.

శిక్షణ ఎలా ఉండాలి

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో ప్రవేశపెట్టిన పారా లీగల్ వాలంటీర్ల పథకం గ్రామాలలోని సామాన్యులకే ప్రాథమిక న్యాయశిక్షణ ఇచ్చి, ప్రజలకు, న్యాయ సేవా సంస్థలకు మధ్య వారధిగా నిలిపింది. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త న్యాయ జిల్లాలు ఏర్పడినప్పుడు సిద్దిపేట కూడా ప్రత్యేక న్యాయ జిల్లా అయింది. సేవాసంస్థలు తమ సిబ్బంది శిక్షణ కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చును.

సెక్షన్ల సంఖ్యలు కంఠస్థం చేయించడం శిక్షణ కాదు. దరఖాస్తు ఎలా రాయాలి, సంఘటన నివేదికలో ఏమి ఉండాలి, పోలీసు స్టేషన్‌కు బాధితురాలితో కలిసి వెళ్లినప్పుడు ఏమి అడగాలి అన్నవి అభ్యాసం చేయించాలి. చట్టాలు మారుతున్నందున శిక్షణను ఎప్పటికప్పుడు పునశ్చరణ చేయాలి. పూర్వపు శిక్షాస్మృతిలోని 498-ఎ సెక్షన్‌కు బదులు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వర్తిస్తున్నాయి. పాత కరపత్రాలను సంస్థలు సరిచూసుకోవాలి.

సహాయం కోసం

మహిళలకు 181, బాలలకు 1098, అత్యవసర పోలీసు సహాయానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 నంబర్లలో సేవలు లభిస్తాయి. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒకే చోట అందుతాయి. మర్కూక్ మండలంలోని ప్రతి గ్రామ పంచాయతీ, అంగన్‌వాడీ కేంద్రం, మహిళా సంఘం సమావేశ స్థలంలో ఈ నంబర్లను అందరికీ కనిపించే విధంగా రాయించడం సేవాసంస్థలు తక్షణం చేయదగిన పని.