కుండ మోత నుంచి మేడ ఊపు దాకా

మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. సివిల్ చదువుతున్నాను. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

సీతంపేట సంతలో అమ్మ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తుంది. ఖంగుమంటే తీసుకుంటుంది. బొంగురుగా మోగితే "బీటుందేటో, వద్దు" అని పక్కన పెట్టేస్తుంది. కంటికి కనపడని బీట చెవికి దొరుకుతుందన్నమాట. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి వినడం కూడా ఇదే విద్య.

పెద్ద మేడని అలా కొట్టి చూడలేం. కానీ గాలికీ, కింద తిరిగే బళ్ల అదురుకీ ప్రతి మేడా మనకి తెలియనంత కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుకి ఒక లయ ఉంటుంది. లోపల పగుళ్లొస్తే గట్టిదనం తగ్గి, లయ నెమ్మదిస్తుంది.

దీనికి పేరుపడ్డ ఉదాహరణ అమెరికాలో కాల్‌టెక్ వాళ్లు అప్పట్లో మిల్లికాన్ లైబ్రరీ అని పిలిచిన కట్టడం. తొమ్మిదంతస్తుల మేడ. 1967లో కొలిస్తే తూర్పు పడమరలుగా సెకనుకి 1.45 సార్లు ఊగేది. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత కొలిస్తే సుమారు 1.26. గట్టిదనం ఈ అంకె వర్గాన్ని బట్టి ఉంటుంది. లెక్క కడితే సుమారు పావు వంతు తగ్గినట్టు. అయితే ప్రతి తేడా ప్రమాదం కాదు. పెద్ద వాన పడినా అదే మేడ లయ కాస్త మారేది.

మన దేశంలో 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు మేడలో రూర్కీ యూనివర్సిటీ వాళ్లు పెట్టిన పరికరాలు ఆ అదురుని రాసిపెట్టాయి.

మన రాష్ట్రానికొస్తే శ్రీకాళహస్తి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు పెరగడం చూసి జనాన్ని ముందే దూరంగా పంపారు గనక మనుషులు దక్కారు. గోపురం దక్కలేదు. కట్టడం కూడా దక్కాలంటే ఇంకా ముందే తెలియాలి. ముందే తెలియాలంటే అది బాగున్నప్పటి లెక్క మన దగ్గరుండాలి.

అమ్మకి మంచి కుండ మోత గుర్తుంది కాబట్టే బీటదాన్ని పట్టేసింది. లైబ్రరీకి 1967 అంకె ఉంది కాబట్టే 1971లో తేడా దొరికింది. మరి మనం పడుకునే హాస్టళ్లకి ఆ మొదటి లెక్క ఏది? చిన్నప్పుడు నేనున్న హాస్టల్లో నా మంచం పైన గోడకి పగులుండేది. ఏటా సున్నం కొట్టేవారు. పగులు కనపడేది కాదు, అలాగని పోయేదీ కాదు. అది పెరిగిందో లేదో చెప్పే ఆధారం మాత్రం సున్నం కింద పోయేది.

రెండంతస్తుల బిల్డింగు ఊపు పట్టడానికి మన ఫోన్లు సరిపోవు. కానీ పగులు రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ వెయ్యగలం. నెలకోసారి ఫొటో తియ్యగలం. పగులుకి అడ్డంగా సన్నని గాజు ముక్క అతికిస్తే, గోడ కదిలినప్పుడు గాజు విరిగి చెప్తుంది. అప్పుడు ఇంజినీరుని రమ్మనడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.

ఈ ఆదివారం మా హాస్టల్లో మొదలెడుతున్నాను. మీరూ మొదలెట్టండి, మళ్లీ సున్నం కొట్టే లోపే.