కరువు పనికి కొలతలు

పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో ఉపాధి హామీ పనికి వాడుకలో ఉన్న పేరు వేరు. ఎండాకాలం పొద్దు పొడవకముందే పార, తట్ట, నీళ్ల సీసాతో ఇల్లు కదిలిన మనిషిని ఎక్కడికని అడిగితే ‘కరువు పనికి’ అంటారు. ఆ ఏడు వానలు దండిగా పడి ఉన్నా అదే మాట. సర్కారు పథకాల పేర్లు ఎన్నిసార్లు మార్చినా జనం ఈ పేరు వదల్లేదు. దీని వెనుక నూటయాభై ఏళ్ల కథ ఉంది. కాలువలు, కట్టల కథగానే దాన్ని చెబుతుంటారు. నాకు మాత్రం అది కొలతల కథగా కనిపిస్తుంది. ఆకలిగొన్నవాడి చేత పని చేయించుకున్న ప్రభుత్వం దేన్ని కొలిచింది? కడుపునా, మట్టినా, రోజులనా?

పాత పాలమూరు జిల్లాలోని ఉప్పునుంతల మండలం మీదుగా పారే దుందుభి వాగు, నిజాం ప్రభుత్వం 1940–43 మధ్య కట్టించిన డిండి జలాశయానికి చేరుతుంది. దక్షిణాన నల్లమల, ఆ అడవి దాటితే కృష్ణ, ఆవలి ఒడ్డున పాత కర్నూలు జిల్లా. ఒకప్పుడు నిజాం రాజ్యానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ ఆ నదే పొలిమేర. కరువు మాత్రం రెండొడ్ల మీదా ఒకేసారి పడింది.

1876, ధాత నామ సంవత్సరం. వానలు ముఖం చాటేశాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తరిగిపోయింది. మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొని, పనులు తెరిచి జనాన్ని ఆదుకోబోతే వైస్రాయి లిట్టన్‌కు ఆ ఖర్చు మింగుడుపడలేదు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపాడు. ఈ టెంపుల్ అంతకు మూడేళ్ల ముందు బీహార్ కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి ప్రాణాలు నిలిపాడు, అందుకు చీవాట్లు తిన్నాడు. ఈసారి గుప్పిట బిగించుకుని వచ్చాడు. రోజంతా కంకర కొట్టే మగవాడికి కూలీ ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అర కిలోకు తక్కువే. మట్టి మోసే ఒంటికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పట్టుబట్టి వాదించాడు. చివరకు కూలీ పెంచక తప్పలేదు. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి ఊరి దగ్గర పని ఇవ్వకుండా, పది మైళ్ల అవతలి శిబిరానికి నడిపించాలన్న నిబంధన కూడా అప్పటిదే. నిజంగా ఆకలైనవాడే అంత దూరం వస్తాడన్నది దొరల తర్కం. అంత దూరం నడవగలిగేది ఇంకా ఆకలి పూర్తిగా తినేయని మనిషేనన్న ఆలోచన వాళ్లకు తట్టినట్టు లేదు.

ఆ కరువు పనుల్లో నేటికీ కనిపించేది బకింగ్‌హామ్ కాలువ. మన పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా సాగే ఆ జలమార్గంలో, అడయారు, కూవం నదుల మధ్య ఉన్న సుమారు 8 కిలోమీటర్ల ముక్కను 1877–78లో కరువు కూలీలు తవ్వారు. పేరు మాత్రం అప్పటి గవర్నరుది. తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో కరువు నియమావళి వచ్చాయి. ఒంటి శక్తిని బట్టి పని, పనిచేయలేనివాళ్లకు ఉచిత సాయం అన్న సూత్రాలు కాగితం మీదికి ఎక్కింది అప్పుడే.

ఇలాంటి పనినే అమెరికా మరోలా కొలిచింది. అక్కడ 1929 మార్కెట్ పతనం తర్వాత నిరుద్యోగం ముంచెత్తితే, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ పెట్టింది. 1943లో మూసేసేలోగా సుమారు 85 లక్షల మంది అందులో పనిచేశారు. రోడ్లు, బడులు, వంతెనలు కట్టినవాళ్లతోపాటు బొమ్మలు గీసినవాళ్లూ, పుస్తకాలు రాసినవాళ్లూ ఉన్నారు. ప్రాంతాన్నీ నైపుణ్యాన్నీ బట్టి నెలకింతని జీతం. అక్కడి కాలిబాటల కాంక్రీటులో ఆ సంస్థ పొడి అక్షరాలు, కట్టిన సంవత్సరం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి.

పాలమూరు మట్టి మనిషికి అలాంటి ముద్ర దక్కలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరు విడిచి, దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలకు మట్టి పోసిన జిల్లా ఇది. ఇంటి దగ్గర పని దొరికేది కరువు ఏళ్లలోనే. 2001లో వచ్చిన పనికి ఆహార పథకంలో కూలీగా బియ్యం ఇచ్చారు. చాలాచోట్ల కాంట్రాక్టర్లు దూరారు, కూలీల చేతుల పని యంత్రాలు చేశాయి, బియ్యం దారి మళ్లింది.

2005 ఉపాధి హామీ చట్టం ఈ అనుభవం నుంచి పాఠం నేర్చుకుంది. కాంట్రాక్టర్లు వద్దంది. ఏడాదికి వంద రోజుల పని హక్కు అంది. 5 కిలోమీటర్ల లోపు పని చూపాలని, దాటితే పది శాతం అదనంగా ఇవ్వాలని చెప్పింది. టెంపుల్ పది మైళ్లకు ఇది సూటి జవాబు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి.

అయినా కొలత పోలేదు. చెలకలో తవ్విన గుంతను ఒకసారి దగ్గరగా చూడండి. నడుమ తవ్వకుండా వదిలిన ఒక మట్టి దిమ్మె నిలబడి ఉంటుంది. దాని తల మీద ఎండిన గడ్డి పరకలు అలాగే ఉండాలి. నేల అసలు మట్టం ఎంతో చెప్పే సాక్షి అదే. పైన రెండు పిడికిళ్ల మట్టి అద్దితే లోతు పెరిగినట్టు లెక్క వస్తుంది కాబట్టి గడ్డి మీద అంత పట్టింపు. టేపు పెట్టి పొడవు, వెడల్పు, లోతు రాసుకున్నాకే కూలీ తేలుతుంది. చట్టం హామీ రోజులకు, చెల్లింపు మట్టికి. ఏప్రిల్ ఎండలో రాయిలా బిగిసిన ఎర్ర నేల మీద ముసలామె పారకూ పడుచువాడి పారకూ ఒకే ఘనపు మీటరు. అందుకే నేల గట్టిదనం, ఎండ, ఆడవాళ్ల, వృద్ధుల శక్తి లెక్కలోకి తీసుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పని రేట్లు సవరించింది. ఈ పథకంలో మన ఉమ్మడి రాష్ట్రం చేసిన మంచి పనుల్లో అది ఒకటని, దానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

బిల్లు అయ్యాక ఆ దిమ్మెను కూలుస్తారు, లేదా మొదటి వానకు అదే కరుగుతుంది. మీ ఊరి చెరువు కట్టకు మన్ను మోసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఏ కరువులో, ఏ కట్ట మీద, ఎంత కూలీకి మోశారో అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి.